అరుంధతికి అవతల ఓ జంట

పెళ్లిలో అరుంధతిని చూపిస్తారు కదా! ఆ చుక్క ఉండే సప్తర్షి మండలం తోక చివరి చుక్క మరీచి. దాని చేరువలోనే ఎం51 అనే సుడి గెలాక్సీ ఉంటుంది. మన నుంచి దాని దూరం సుమారు 3 కోట్ల కాంతి సంవత్సరాలు.

1773లో ఫ్రాన్స్‌లో ఖగోళ శాస్త్రవేత్త మెస్యే దాన్ని కనుగొన్నాడు. 1845లో ఐర్లండ్‌లో లార్డ్ రాస్ 72 అంగుళాల అద్దమున్న టెలిస్కోపుతో చూసి, ఆ సుడిని బొమ్మగా గీశాడు. ఆ సుడి చేతుల్లో ఒకదాని కొసన చిన్న తోడు గెలాక్సీ ఉంది, ఎన్‌జీసీ 5195. అది పక్కనుంచి సాగుతూ తన ఆకర్షణతో పెద్దదాన్ని కుదిపింది. దాంతో పెద్ద గెలాక్సీలో వాయువు ఒత్తుకున్న చోటల్లా కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. ఫొటోల్లో చేతుల వెంట మెరిసే ఎర్రటి మచ్చలు ఆ పురుళ్ల గదులే. ఎంత అద్భుతం!

మన భివండీ, పూర్ణ గోదాముల దీపాల వెలుగులో ఈ గెలాక్సీ కనబడదు. వేసవిలో ఊరెళ్లినప్పుడు, వెన్నెల లేని రాత్రి, బైనాక్యులర్స్‌తో పిల్లలకు చూపించండి.