కవరుకు ముడి వేసే ముందు

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఈవేళ మీతో వంటల గురించో, కుట్టుపని గురించో మాట్లాడబోవడం లేదు. వంట అయ్యాక మిగిలే చెత్త గురించి నాలుగు మాటలు చెబుతాను. "చెత్త గురించి చెప్పేదేముంది, పారెయ్యడమేగా" అంటారేమో. నేనూ అట్లాగే అనుకునేదాన్ని.

మా వీధి చివర పాలు పోసే ఆమెకు ఒక గేదె ఉండేది. ఒకరోజు అది మేత ముట్టలేదు, నెమరు వెయ్యలేదు. కడుపు ఉబ్బిపోయింది. పశువుల డాక్టరు కోసి చూస్తే లోపల ముద్దలు ముద్దలుగా ప్లాస్టిక్ కవర్లు! గేదె బతకలేదు. "పాలమ్ముకొని బతికేటోళ్లం అక్కా, ఇగ ఎట్లా?" అని ఆమె మా గడపలో కూర్చుని ఏడ్చింది. నేనేం చెప్పను? మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కవరులో వేసి, ముడి వేసి వీధి మలుపులో పడేసేవాళ్లలో నేనూ ఒకదాన్ని. ముడి విప్పుకోవడానికి పశువుకు చేతులున్నాయా? తిండి వాసనకు కవరుతో సహా మింగేస్తుంది. ఆ ముద్దల్లో నా కవర్లు ఎన్నో నాకు తెలియదు. ఆమెతో ఈ మాట చెప్పడానికి ఇప్పటికీ నోరు రాలేదు. ఇవాళ మీ అందరి ముందూ చెబుతున్నాను.

కొందరు కవర్లను వాకిట్లోనే తగలబెడతారు. దానితో పీడ విరగడైందనుకుంటారు. ఆ పొగ పీల్చేది మన పిల్లలే. కొన్నిరకాల ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లనే విషపదార్థాలు పుడతాయి. ఇంకొందరు కాలువలో విసురుతారు. 1967లో నాగార్జున సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక కదా మన మిర్యాలగూడ, కోదాడ వైపు మెట్టచేలు వరిమళ్లయినది! ఆ కాలువ తూముకు కవర్లు అడ్డం పడితే చివరి మడికి నీళ్లెక్కడివి? ప్లాస్టిక్ ఆకులాగా కుళ్లిపోయేది కాదు. ఎండకు చిట్లి, సన్నని తునకలై మట్టిలోనూ నీళ్లలోనూ ఉండిపోతుంది.

మరి ఏం చెయ్యాలి? ఎంతో దూరం పోనక్కరలేదు, మన సూర్యాపేట సంగతే తీసుకోండి. 2003 తరువాత, ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ గారు మునిసిపల్ కమిషనరుగా ఉన్న రోజుల్లో, లక్ష పైచిలుకు జనమున్న ఆ పట్టణం చెత్తకుండీలు లేని ఊరని దేశమంతటా పేరు తెచ్చుకున్నది. తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా ఇంటింటి నుంచి తీసుకుపోయేవారు. తడిచెత్తతో ఎరువు, వానపాముల ఎరువు చేశారు. పొడిచెత్త అమ్మితే మునిసిపాలిటీకే డబ్బు వచ్చింది. అయితే ఇంట్లో వేరు చేసి ఇవ్వకపోతే ఏ కమిషనరైనా ఏం చెయ్యగలడు? ఆఫీసర్లు బదిలీ అయి పోతారు. మన వంటిల్లు ఎక్కడికీ పోదు.

చట్టం కూడా ఉంది. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. ఆ ఏడాది ఆఖరు నుంచి 120 మైక్రాన్ల కంటే పలచని సంచులూ కూడదన్నారు. అయినా కూరగాయల బజారులో పలచని కవర్లు చేతికిస్తూనే ఉన్నారు. మనం చెయ్యి చాపుతున్నాం కనుకనే ఇస్తున్నారు.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేస్తున్నామో చెబుతాను. రెండు బకెట్లు పెట్టుకున్నాం. తడిచెత్తను కవరులో వెయ్యడం పూర్తిగా మానేశాం. పాల ప్యాకెట్టు కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా తెంపకుండా ప్యాకెట్టుకే వేలాడనిస్తాను. ఆ చిన్న ముక్కలను తరువాత ఏరడం ఎవరి తరమూ కాదు. ప్యాకెట్లు కడిగి, ఆరవేసి పాత సామాన్లు కొనేవాళ్లకు వేస్తాం. మురికి పట్టినవి వాళ్లూ తీసుకోరు. పాత చీరతో కుట్టిన సంచి ఒకటి మావారి బండికి ఎప్పుడూ తగిలించే ఉంటుంది. మరిచిపోయి వస్తే మళ్లీ వెనక్కి పంపుతాను! ఇంట్లో శుభకార్యమైతే మోదుగాకు విస్తళ్లు, స్టీలు గ్లాసులు వాడుతున్నాం. గ్లాసులు కడగడం కాస్త శ్రమే, కాదనను. ఆ శ్రమ ఒక్క ఆడవాళ్ల మీదే పడకుండా మగవారూ పిల్లలూ కూడా చెయ్యి వెయ్యాలి.

పాలామె అప్పు చేసి మరో గేదెను కొన్నది. రోజూ మా వీధిలో నుంచే తోలుకుపోతుంది. ఈ గేదెనైనా కాపాడుకుందాం అక్కలారా. కవరుకు ముడి వేసే ముందు ఒక్క నిమిషం ఆగి, అది ఎవరి కడుపులోకి పోతుందో తలచుకోండి.