ఓపీలో రాయలేని టెస్టు



కెనడాలోని విన్నిపెగ్‌లో 1965లో మగ కవలలు పుట్టారు. ఎనిమిదో నెలలో సుంతీ చేస్తుండగా విద్యుత్ పరికరం వికటించి, ఒక బిడ్డ పురుషాంగం కాలిపోయింది. దిక్కుతోచని తల్లిదండ్రులు బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళ్లారు. ఆడా మగా అన్న భావన పెంపకంతోనే వస్తుందని అక్కడి మనస్తత్వవేత్త జాన్ మనీ నమ్మకం. రెండేళ్లు నిండకముందే ఆ బిడ్డకు వృషణాలు తీసేశారు. బ్రెండా అని పేరు పెట్టి, గౌన్లు తొడిగి ఆడపిల్లగా పెంచారు. ప్రయోగం ఫలించిందని మనీ రాశాడు, పాఠ్యపుస్తకాలు ఆ మాటే ఎక్కించుకున్నాయి. బ్రెండాకు మాత్రం ఆ గౌన్లు ఒక్కనాడూ ఒంటికి పట్టలేదు. పద్నాలుగో ఏట తండ్రి నోట నిజం విన్నాక డేవిడ్ రైమర్‌గా మారి మగవాడిగానే బతికాడు. పరిశోధకులు మిల్టన్ డైమండ్, కీత్ సిగ్మండ్‌సన్ అసలు సంగతి 1997లో బయటపెట్టారు. 2004లో డేవిడ్ ఆత్మహత్య చేసుకున్నాడు.

అంటే అంతా పుట్టుకలోనే ఉందా? అంత తొందర వద్దు. అదే కెనడాలో, అలాంటి ప్రమాదమే జరిగి ఏడో నెల నుంచి ఆడపిల్లగా పెరిగిన మరొకరు పెద్దయ్యాక కూడా స్త్రీగానే ఉండిపోయారని 1998లో ఒక నివేదిక వచ్చింది. ఆడా మగా అన్న భావన పెంచేవాళ్లు అనుకున్నట్టల్లా మలచగలిగేది కాదని మాత్రం డేవిడ్ బతుకు చూపించింది.

ఇక ఎవరు ఎవరిని ఇష్టపడతారన్న సంగతి. పత్రికలకు ‘గే జీన్’ అంటే భలే మోజు. జన్యు శాస్త్రవేత్త డీన్ హేమర్ 1993లో ఎక్స్ క్రోమోజోమ్ చివర ఒక భాగాన్ని చూపించాడు; 40 జతల గే అన్నదమ్ముల్లో 33 జతలకు అది ఉమ్మడిగా ఉంది. 1999లో మరో బృందం వెతికితే దొరకలేదు. 2019లో దాదాపు 4 లక్షల 70 వేల మంది డీఎన్ఏ పరిశీలిస్తే సంబంధమున్న చోట్లు ఐదు తేలాయి, అన్నీ చిన్నచిన్న ప్రభావాలే. డీఎన్ఏ చూసి మనిషి ఇష్టాన్ని చెప్పలేమని ఆ పరిశోధకులే అన్నారు.

అన్నల లెక్క ఇంకా విచిత్రం. ఒక్కో సొంత అన్న ఉన్నకొద్దీ తమ్ముడు గే అయ్యే అవకాశం సుమారు మూడోవంతు పెరుగుతుందని పరిశోధకులు రే బ్లాంచర్డ్, ఆంథొనీ బోగర్ట్ 1996లో లెక్కగట్టారు. అక్కలుంటే ఆ తేడా లేదు. మగబిడ్డను మోసిన తల్లి ఒంట్లో, వై క్రోమోజోమ్ తయారుచేసే ఒక ప్రోటీన్ మీద యాంటీబాడీలు పుట్టడం కారణం కావచ్చని 2017లో ఆధారం చూపారు. ఈ గణాంకాలను ప్రశ్నించేవాళ్లూ ఉన్నారు. పైగా మూడోవంతు అంటే వినడానికే పెద్దది: నూటికి ఇద్దరున్నచోట ముగ్గురు కూడా కారు.

మెదడు పరిశోధనలదీ అంతే. ట్రాన్స్‌జెండర్ మహిళల మెదడులో ఒక చిన్న భాగం ఇతర మహిళల్లో ఉన్న పరిమాణంలోనే ఉందని 1995లో డచ్ శాస్త్రవేత్తలు రాశారు. చూసింది ఆరుగురి మెదళ్లే.

ఇన్ని ఆధారాలున్నా ఓపీలో రాయదగ్గ టెస్టు ఒక్కటీ లేదు. రేపు ఏ తండ్రో గే అయిన పాతికేళ్ల కొడుకును వెంటబెట్టుకొచ్చి, “ఏదైనా హార్మోన్ ఇంజెక్షన్ వేయండి డాక్టరు గారూ, పెళ్లి చేసేస్తాం” అంటాడు. ఆ పనీ వెనకటి డాక్టర్లు చేసి చూశారు. టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే కోరిక పెరిగిందే గాని, అది ఎవరి మీదన్నది మారలేదు. మారుస్తామని చేసే ‘కన్వర్షన్ థెరపీ’ వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్ర వైద్య మండళ్లకు లేఖ రాసింది. ఆ ఇంజెక్షన్ చీటీ మీద ఉండేది ఈ రోజు ఈ హాల్లో ఎంబీబీఎస్ పట్టా అందుకుంటున్న కొత్త డాక్టర్ల సంతకం, వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు.