పిల్లల్ని అడగనివ్వండి
(శుక్రవారం బాలల తరగతి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)



"పిల్లలకు ఎన్ని శ్లోకాలు వచ్చాయి?" అని మీరు మమ్మల్ని అడుగుతుంటారు. న్యాయమైన మాటే. దానితోపాటు ఇంకో లెక్క కూడా చూద్దామని ఈరోజు మా మనవి: పిల్లలు ఎన్ని ప్రశ్నలు అడిగారు?

కంఠస్థం వద్దని మేము అనడం లేదు. నోటికి వచ్చిన శ్లోకం జీవితాంతం తోడుంటుంది. కానీ మనం నేర్పే గ్రంథాల్లో చాలావరకు సంభాషణలే. గీత అంతా అర్జునుడి సందేహాల మీద నడుస్తుంది. చివర కృష్ణుడు కూడా, చెప్పిందంతా బాగా ఆలోచించి నీకు తోచినట్టు చెయ్యమనే అంటాడు.

ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాద మహర్షి దగ్గరకు వస్తారు. ఏడాదిపాటు శ్రద్ధగా ఇక్కడ ఉండి ఆ తర్వాత అడగండి, మాకు తెలిస్తే చెబుతాం అంటాడాయన. అంత మహర్షీ "తెలిస్తే" అన్నాడు. ఆరో ప్రశ్న వేసిన సుకేశుడు, ఇదే సంగతి కోసల రాజకుమారుడు తనను అడిగితే తెలియదని చెప్పి పంపానంటాడు. తెలియదని చెప్పడం మన సంప్రదాయంలో చిన్నతనం కాదు.

మొన్న తరగతిలో నచికేతుడి కథ చెప్పాం. ఒక పాప లేచి, "నచికేతుడు వాళ్ళ నాన్నని మూడుసార్లు అడిగాడు కదా. మేము రెండోసారి అడిగితేనే ఎదురు మాట్లాడకు అంటారేం?" అంది. మేము ఆ ప్రశ్నను పిల్లలకే ఇచ్చాం. అడగడానికీ ఎదిరించడానికీ తేడా ఏమిటి? అరగంట వాదించుకున్నారు. ఇంగ్లీషులో మొదలుపెట్టినవాళ్ళు కూడా తెలుగులోకి వచ్చారు. ఇంట్లో మీరన్న మాటలు ఉన్నవున్నట్టు చెప్పాలి కదా మరి!

ఇలాంటి బోధనకు మన ప్రాంతంలోనే ఒక ఉదాహరణ ఉంది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, ఆ ఊరికి దగ్గర్లోని రిషి వ్యాలీ పాఠశాలలో పిల్లలతో కూర్చుని, ఎదురుప్రశ్నలు వేస్తూ, వాళ్ళతో కలిసి ఆలోచించేవారు. అలాంటి సంభాషణలు 1974లో పుస్తకంగా కూడా వచ్చాయి. ఆయన గురువులను అంగీకరించలేదు, అక్కడ మన దారి వేరు. పిల్లల మాట వినే ఓపిక మాత్రం ఆయన దగ్గర నేర్చుకోవచ్చు.

వచ్చే నెల నుంచి తరగతిలో చివరి 20 నిమిషాలు పిల్లల ప్రశ్నలకే కేటాయిస్తున్నాం. శ్లోకాల సంఖ్య కొంత తగ్గుతుంది, ముందే చెబుతున్నాం. మీ నుంచి మేము కోరేది ఒక్కటే. పిల్లలు ఇంటికి తెచ్చిన ప్రశ్నకు మీకు తోచిన జవాబు తెలుగులో చెప్పండి. తెలియకపోతే తెలియదనండి. ఇద్దరూ కలిసి ఊళ్ళో ఉన్న తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చెయ్యండి.

పన్నెండో తరగతి అయ్యాక మన పిల్లల్లో చాలామంది కువైట్ వదిలి చదువులకు వెళ్ళిపోతారు. అక్కడ హాస్టల్ గదిలో ఏదైనా సందేహం వస్తే ముందుగా ఇంటికి ఫోన్ చెయ్యాలంటే, ఆ అలవాటు ఇప్పుడే పడాలి.