కంటికి కనపడని వెన్న



వ్యాపార నిర్వహణ చదివిన రోజుల్లో బాగా గుర్తున్న పాఠమేదో చెప్పమన్నారు. కురియన్ గారి చొరవతో 1979లో ఆణంద్‌లో ఏర్పడిన ‘ఇర్మా’లో చదివాను. అక్కడ విద్యార్థులను కొన్ని వారాలు పల్లెల్లో ఉంచేవారు.

పల్లెలో పాలకేంద్రం దగ్గర పరీక్ష చూశాను. గొట్టంలో 10 మి.లీ. గంధకామ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. ఎమైల్ ఆల్కహాలు పోసి యంత్రంలో తిప్పితే వెన్న పైకి తేలుతుంది. (ఆమ్లంతో జాగ్రత్త, మన కుర్రాళ్ళకు తొందరెక్కువ!) వరసలో ఒక ఇల్లాలు, నిన్నటి పాల అంకె తన పుస్తకంలో చూసుకున్నాకే ఈ పూట పాలు పోసింది. మా లెక్కల తరగతిలో ఇంత గట్టి తనిఖీ చూడలేదు.

మిరపకాయ రంగును గుంటూరు యార్డులో రైతు పట్టి చూపిస్తాడు. పత్తి పింజ లాగి చూపిస్తాడు. పాలలో వెన్నను ఎలా చూపిస్తాడు? మీరు రాసిందే దాని ధర. పూటకు 2 కిలోలు పోసే ఇంటికి 0.5 శాతం తగ్గించి రాస్తే పూటకు 10 గ్రాములు, నెలకు 600 గ్రాముల వెన్న పోయినట్టే. 1987-88లో తెల్లదోమ మన పత్తిని ముంచింది. అలాంటి ఏడు గేదె ఉన్న ఇంటికి ఆ 600 గ్రాములు చిన్న సంగతి కాదు.

ఒక్కటే అడుగుతున్నాను. అంకెను పైకి చదివి రాయండి. చదువురాని ఆడవాళ్ళకూ వినపడుతుంది.