రంగం వెళ్ళినవాళ్ళు పరాయివాళ్ళైన రోజు

(భవానీపురం గ్రంథాలయంలో ఇచ్చిన స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారు హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పారు. గోడకు పటం తగిలించాక రాజధాని పేరు అడిగేవారు కాదు. అక్కడి జనం ఏం తింటారు, ఆ తిండి ఎక్కణ్ణుంచి వస్తుంది, దాన్ని మోసేది ఎవరు అని అడిగేవారు. ఒక దేశం తానున్న కూటమిలోంచి బయటికి పోతే ఏమవుతుందన్నది ఈ సాయంత్రం నేనెత్తుకున్న ప్రశ్న. ఆయన పేరున మాట్లాడుతున్నాను కాబట్టి దీన్ని కూడా తిండి దగ్గర, కూలి దగ్గర మొదలుపెడతాను.

ఈ ప్రశ్న వినగానే ఇవాళ అందరికీ బ్రిటన్, యూరోపియన్ యూనియన్ గుర్తొస్తాయి. దాని గురించీ చెబుతాను. కానీ అంతకంటే ముందు మనవాళ్ళు ఒళ్ళు వంచి, నడుం విరిగి అనుభవించిన కథ ఒకటి ఉంది. అది బర్మా కథ.

ఇంగ్లీషువాళ్ళు మూడు యుద్ధాలు చేసి బర్మాను ఆక్రమించి, 1886 నాటికి మొత్తం దేశాన్ని బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రంగా కలిపేశారు. అప్పటినుంచి విశాఖపట్నంలో ఓడెక్కి రంగూన్లో దిగిన మనిషి చట్టం ప్రకారం దేశం దాటినట్టు కాదు. ఉత్తరాంధ్ర ఊళ్ళలో దాన్ని 'రంగం వెళ్ళడం' అనేవారు. బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కాకినాడ రేవుల్లో స్టీమర్లు ఆగేవి. కూలీలను తీసుకెళ్ళే మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చేవాడు. ఆ అప్పు తీరేదాకా కూలివాడు మేస్త్రీ మనిషే. కృష్ణా జిల్లానుంచి వెళ్ళినవాళ్ళు తక్కువ, గంజాం, విశాఖ, గోదావరి జిల్లాలవాళ్ళు ఎక్కువ. విశాఖ మెట్ట ఊళ్ళలో పని దొరకని కుటుంబానికి రెండు దారులుండేవి. ఒకటి కాలువల కింద నాట్లకూ కోతలకూ డెల్టాకు రావడం, రెండోది రంగం ఓడెక్కడం.

1931 జనాభా లెక్కల్లో బర్మాలో ఉన్న భారతీయులు పది లక్షల పైచిలుకు. నాలుగు లక్షల జనాభా ఉన్న రంగూన్లో సగానికి మించి మనదేశం వాళ్ళే. తెలుగువాళ్ళు రేవులో బస్తాలు మోశారు, రైసు మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు, వీధులు ఊడ్చారు. వాళ్ళను అక్కడ 'కోరంగీలు' అన్నారు. కాకినాడ పక్కన ఉన్న కోరంగి రేవు పేరది.

బర్మావాళ్ళకు కోపం లేకుండా ఎట్లా ఉంటుంది? సొంత రాజధానిలో వాళ్ళే తక్కువమంది. పొలాలు మనదేశపు వడ్డీవ్యాపారులైన చెట్టియార్ల దగ్గర తాకట్టు పడ్డాయి. 1930 తర్వాత ధాన్యం ధర పడిపోతే అప్పు తీరక ఆ పొలాలు చేజారాయి. ముఖ్యమైన వరి జిల్లాల్లో దాదాపు నాలుగోవంతు పొలం కొద్దికాలంలోనే చెట్టియార్ల చేతికి పోయింది. మన డెల్టాలో అలా జరిగి ఉంటే మన రైతులు ఊరుకునేవారా? బర్మా విడిపోవాలనుకోవడంలో అన్యాయం ఏమీ లేదని మొదటే చెబుతున్నాను. అది ఒప్పుకోకుండా మిగతా కథ చెప్పడం నిజాయితీ కాదు.

ఆ కోపం ఎవరి మీద పడిందో చూడండి. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. రాజీ కుదరగానే బర్మావాళ్ళను పొమ్మని తెలుగువాళ్ళను మళ్ళీ పిలిచాయి. రేవు గుమ్మంలో పేదవాడూ పేదవాడూ ఎదురుపడ్డారు. మాటా మాటా పెరిగి కొట్లాట అయింది, కొట్లాట ఊచకోత అయింది. వందమందికి పైగా చచ్చారు, వందలమంది గాయపడ్డారు. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళు. తాకట్టు పెట్టుకున్న షావుకారు మీద ఆ కత్తి పడలేదు, కూలి పెంచనన్న కంపెనీ మీదా పడలేదు.

ఇక రాజకీయం. బర్మాను ఇండియానుంచి విడదీయమని సైమన్ కమిషన్ 1930లో సిఫార్సు చేసింది. దాని మీద 1932 నవంబరులో బర్మా శాసనమండలికి ఎన్నికలు జరిగాయి. గెలిచింది విడిపోవద్దన్నవాళ్ళు. చరిత్ర పాఠాల్లో ఈ సంగతి పెద్దగా కనపడదు. వాళ్ళు ఇండియా మీద ప్రేమతో వద్దనలేదు. ఇండియాకు రాబోయే స్వపరిపాలన తమకు రాకుండా బర్మాను ఒంటరిగా తెల్లవాడి కింద ఉంచేస్తారేమోనని వాళ్ళ భయం. రాబోయే ఇండియా ఫెడరేషన్లో చేరతాం, కావలసినప్పుడు బయటికొచ్చే హక్కు మాకుండాలి అన్నారు. లండన్ ఆ హక్కు ఇవ్వనంది. అక్కడితో మండలి చిక్కులో పడింది. ఇప్పుడు చూపిస్తున్న రాజ్యాంగంతో విడిపోవడం వద్దు, షరతులేకుండా ఇండియాతో ఉండడమూ వద్దు అని తీర్మానించింది. ఇంత గందరగోళంలో నిర్ణయం లండన్ చేతికి పోయింది. 1937 ఏప్రిల్ 1న బర్మా విడిపోయింది. విడిపోవద్దని ఎన్నికల్లో నిలబడ్డ బా మా విడిపోయిన బర్మాకు మొదటి ప్రధానమంత్రి అయ్యారు.

ఆ ఏప్రిల్ 1 ఉదయం రంగూన్ రేవులో బస్తా మోస్తున్న తెలుగువాడికి ఏమీ మారలేదు. అదే బస్తా, అదే మేస్త్రీ, అదే గది. మూడేళ్ళపాటు రాకపోకలు, సరుకుల రవాణా పాత పద్ధతిలోనే సాగాలని ఉత్తర్వులిచ్చారు కూడా. విడిపోవడంలో మనుషుల్ని మభ్యపెట్టేది ఇదే. తెల్లవారగానే ఏమీ అవదు. కాగితం మీద మారిపోయింది ఇంట్లోకి రావడానికి నాలుగేళ్ళో పదేళ్ళో పాతికేళ్ళో పడుతుంది. అప్పటికి దాన్ని ఆపే అవకాశం ఎవరి చేతుల్లోనూ ఉండదు.

ఇక్కడ కాస్త మన డెల్టా వైపు వస్తాను. 1930ల్లో కృష్ణా, గోదావరి రైతులకు ధర లేదు. శిస్తు మాత్రం తగ్గలేదు. రంగూన్ బియ్యం, సయాం బియ్యం చవగ్గా మద్రాసు రేవులో దిగుతున్నాయి. సయాం పరాయి దేశం కాబట్టి దాని బియ్యం మీద సుంకం వెయ్యమని అడగొచ్చు. ఇండియాలో భాగమైన బర్మా బియ్యం మీద సుంకం మాటే ఎత్తడానికి లేదు. కాబట్టి బర్మా విడిపోతే మన రైతుకు మేలన్న ఆశ అప్పట్లో చాలామందికి ఉంది. ఆశించినట్టే ధర పెరిగింది, కానీ దానికి పట్టిన దారి వేరు. 1942లో జపానువాళ్ళు బర్మాను పట్టుకున్నాక ఏటా పది లక్షల టన్నులకు పైగా వచ్చే బియ్యం ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ బియ్యం కూడా తెచ్చుకునే బెంగాల్లో మరుసటి ఏడు కరువొచ్చి లక్షలమంది చచ్చిపోయారు. ఆ కరువుకు ఇంకా చాలా కారణాలున్నాయి, ఇదొక్కటే కాదు. తిరువాన్కూరు, మలబారు బియ్యానికి అల్లాడాయి. మన డెల్టా ధాన్యం మీద సర్కారు కన్ను పడింది. కంట్రోలు ధర, లెవీ, రేషను మన ఊళ్ళలోకి వచ్చాయి. పరాయి బియ్యం రాకపోతే బాగుపడతామనుకున్న రైతు తన ధాన్యం తానే ఇష్టమైన ధరకు అమ్ముకోలేని రోజు చూశాడు. దేశం విడిపోతే లాభం ఫలానావాడికి అని ముందే లెక్కకట్టేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మళ్ళీ బర్మాకు వస్తే, 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. తర్వాతి ఆరు నెలల్లో నాలుగైదు లక్షలమంది భారతీయులు బర్మా వదిలారు. ఓడ దొరికినవాళ్ళు కొద్దిమంది. మిగతావాళ్ళు ప్రోము దగ్గర ఐరావతి దాటి టౌంగుప్ కనుమ మీదుగా అరకాను తీరానికి నడిచారు. లేదా చిండ్విన్ నది దాటి, టాము మీదుగా ఇంఫాల్‌కు, అక్కణ్ణుంచి దిమాపూర్‌కు నడిచారు. కలరా, మలేరియా, ఆకలి. దారిలో తెల్లవాళ్ళకు ఒక మర్యాద, నల్లవాళ్ళకు ఒక మర్యాద జరిగిందని దేశమంతా గగ్గోలు పుట్టింది. చచ్చినవాళ్ళు పదివేలని కొందరు, యాభైవేలకు పైనని కొందరు అంచనా కట్టారు. ఎవరూ పేర్లు రాసుకోలేదు.

యుద్ధం చేసిన దాన్ని తీసుకొచ్చి విడిపోవడం మీద పెట్టను. కానీ యుద్ధం అయిపోయాక జరిగినదానికి విడిపోవడమే కారణం. నడిచి వచ్చినవాళ్ళలో చాలామందికి ఇల్లు, సామాను, రావలసిన బాకీ అన్నీ అక్కడే ఉన్నాయి. తిరిగి వెళదామంటే 1941 నాటికే రాకపోకల మీద ఒప్పందం పేరుతో ఆంక్షలు వచ్చాయి. 1947లో బర్మా కొత్త వలస చట్టం చేసింది. ఇక వెళ్ళాలంటే పర్మిట్ కావాలి. ముప్పై ఏళ్ళు బస్తాలు మోసిన రేవుకే కూలివాడు విదేశీయుడయ్యాడు.

1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైంది, కామన్‌వెల్త్‌లో చేరలేదు. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చని చట్టం చెప్పింది. చదువురాని కూలివాడికి దరఖాస్తు అంటే ఏమిటి? పెట్టుకోనివాళ్ళు విదేశీయుల నమోదు పత్రం తీసుకుని ఏటేటా రుసుము కట్టారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేట ఇవాళ్టికీ ఉంది. అక్కడ ఒక పెద్దావిడ అలాంటి పత్రం తీసి చూపించారు. గోధుమరంగుకు తిరిగిన కాగితం, మూలన ఆవిడ మామగారి ఫోటో, కింద ఎడమ బొటనవేలి ముద్ర, వెనక ప్రతి ఏటికీ ఒక ముద్ర. కొన్నేళ్ళ ముద్రలు ఒకదానిమీద ఒకటి పడి సిరా అలుక్కుపోయింది. "మేం పుట్టింది అక్కడే బాబూ, ఈ కాయితం మాత్రం కాదంది" అన్నారావిడ.

1962లో బర్మా సేనాపతి నే విన్ సైన్యంతో అధికారం పట్టుకున్నాడు. దుకాణాలు, మిల్లులు జాతీయం చేశారు. 1964 మేలో యాభై, వంద క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. లక్షల సంఖ్యలో భారతీయులు కట్టుబట్టలతో మద్రాసు, విశాఖ రేవుల్లో దిగారు. నగలు ఒంటిమీదనుంచి తీయించి మరీ ఓడెక్కించారు. వాళ్ళకోసం 1969లో రెప్కో బ్యాంకు పెట్టారు. కాందిశీకులు అనే మాట మన పేపర్లలో కొన్నాళ్ళు నిత్యం కనపడింది, తర్వాత మాయమైంది. అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళు మోన్ రాష్ట్రపు ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళమీద 1982 నాటి చట్టం పౌరసత్వానికే మూడు తరగతులు పెట్టింది.

ఇలా జరగక తప్పదా? తప్పుతుంది. దానికి సాక్ష్యం ఐర్లండు. 1949 ఏప్రిల్‌లో ఐర్లండు కామన్‌వెల్త్ నుంచి బయటికి పోయింది. బ్రిటన్ మీద వాళ్ళ కోపం బర్మావాళ్ళ కోపానికి తీసిపోయింది కాదు. అయినా ఐర్లండు పౌరులను విదేశీయులుగా చూడబోమని బ్రిటన్ అదే ఏడాది చట్టంలో రాసింది. ఐర్లండు కూలివాడు లండన్లో ఇళ్ళు కట్టడం మానలేదు, ఓటు పోగొట్టుకోలేదు. రాజ్యాలు విడిపోయినా మనుషులు నలిగిపోకుండా చూడవచ్చు. ముందే కూర్చుని రాసుకోవాలి, అంతే.

ఇక మొదట చెబుతానన్న బ్రిటన్ సంగతి. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అని 2016 జూన్ 23న బ్రిటన్ జరిపిన ఓటింగులో మనవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇండియా కామన్‌వెల్త్‌లో ఉంది కాబట్టి, చదువుకోసమో ఉద్యోగంకోసమో అక్కడుంటున్న గుంటూరు కుర్రాడు, విజయవాడ డాక్టరు ఇండియా పాస్‌పోర్టుతోనే ఆ ఓటు వేయవచ్చు. ముప్పై ఏళ్ళుగా అక్కడే పాఠాలు చెబుతున్న ఫ్రాన్సు టీచరుకు మాత్రం ఓటు లేదు. ఆ ఓటుతో బతుకు తారుమారయ్యేది ఆ టీచరుది. యాభై రెండు శాతం వెళ్ళిపోదామన్నారు, నలభై ఎనిమిది శాతం ఉందామన్నారు. స్కాట్లండు అరవై రెండు శాతం ఉందామంది, దాన్నీ కలిపి తీసుకుపోయారు. ఎలా వెళ్ళాలో బ్యాలెట్ మీద లేదు. అది తేల్చడానికి మూడున్నరేళ్ళు పట్టింది, ఇద్దరు ప్రధానమంత్రుల పదవులు పోయాయి. 2020 జనవరి 31న బయటపడ్డారు. ఒక్క మంచి పని చేశారు. అప్పటికే అక్కడున్న యూరప్‌వాళ్ళ హక్కులను ఒప్పందంలో రాశారు. యాభై లక్షల మందికి పైగా ఆ పద్ధతిలో స్థానం దక్కింది. బర్మాలో తెలుగువాడికి అదే దక్కలేదు.

బ్రిటన్ అలా బయటికి వచ్చాక మనవాళ్ళకు తలుపు తెరుచుకుంది. చదువయ్యాక రెండేళ్ళు ఉద్యోగం చేసుకోవచ్చని 2021 జులైలో గ్రాడ్యుయేట్ రూట్ పెట్టారు. 2022లో వృద్ధుల సంరక్షణ పనులకూ వీసాలు ఇచ్చారు. మన ఊళ్ళో కన్సల్టెన్సీల బోర్డుల మీద లండన్ గడియారం బొమ్మ వెలిసింది. పొలం అమ్మి, ఇల్లు తాకట్టు పెట్టి పిల్లల్ని పంపారు. 2024 జనవరినుంచి ఎక్కువమంది విద్యార్థులు భార్యనో భర్తనో తీసుకెళ్ళడానికి లేదన్నారు. 2025 జులైలో సంరక్షణ పనులకు విదేశాలనుంచి మనుషుల్ని తెచ్చుకోవడమే ఆపేశారు. యూరప్‌వాళ్ళు ఖాళీచేసిన చోటికి మనల్ని పిలిచారు, కోపం మనవైపు తిరిగేసరికి మనల్నీ ఆపారు. నాడు రంగూన్ రేవు గుమ్మంలో జరిగిన సంగతి వేరే వేషంలో జరిగింది.

నా తీర్పు ఇది. ఏ దేశానికైనా కూటమి విడిచిపెట్టే హక్కుంది. ఆ హక్కు వాడుకునే ముందు గీతకు అటూ ఇటూ అప్పటికే బతుకుతున్న మనుషుల ఉనికి, ఆస్తి, పిల్లల చదువు ఏమవుతాయో రాసి సంతకం పెట్టాలి. రాయకుండా విడిపోయిన చోట ఎప్పుడూ కూలివాడే మునిగాడు. మన పిల్లల్ని పంపేటప్పుడు కూడా ఆ దేశంలో జీతమెంత అని మాత్రమే అడగకండి. రేపు ఆ దేశం మనసు మార్చుకుంటే నీ కాగితం ఏం చెబుతుంది అని అడగండి.

చివరగా ఒక విన్నపం. బర్మానుంచి వచ్చిన కుటుంబాలు కాలక్రమంలో విశాఖనుంచి రాజమండ్రికీ, ఏలూరుకూ, మన విజయవాడకూ పాకాయి. మీ ఇంట్లోనో, మీ వియ్యాలవారి ఇంట్లోనో పాత రేకుపెట్టె అడుగున ఓడ టికెట్టో, నమోదు పత్రమో, కాందిశీకుల గుర్తింపు కార్డో, రంగూన్ స్టూడియోలో దిగిన ఫోటోనో ఉంటే పారెయ్యకండి. ఈ గ్రంథాలయానికి తీసుకురండి. ఇక్కడ ఫోటో తీయించుకుని అసలు మీకే ఇచ్చేస్తారు. 1942లో నడిచి రాలేకపోయిన మీ వాళ్ళ పేరు, ఊరు తెలిస్తే కార్యవర్గంవారు పెట్టిన పుస్తకంలో రాయించండి.