యంత్రములకు మాట నేర్పుట

(ఉపన్యాస పాఠము)



రాయపూర్ నగరము నానుకొనియున్న ఉర్లా పారిశ్రామిక వాడలో ఇనుప కడ్డీలతో నిండిన లారీలు రేయింబవళ్లు తిరుగుచుండును. కర్మాగారము గేటువద్ద కాటాపై లారీ నిలిచినది; బరువు 24650 కిలోలు అనుకొందము. ఈ సంఖ్య గేటులోని కంప్యూటరునుండి ఆఫీసులోని కంప్యూటరునకు చేరవలెను. ఈ చిన్న పనికి ప్రోగ్రాము వ్రాయగలిగినవాడు సి భాషలో నెట్‌వర్కు విద్యకు ఓనమాలు దిద్దినవాడే.

సి భాషను అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ 1972 ప్రాంతమున రూపొందించెను. దూరపు యంత్రముతో మాటలాడుటకు ఆ భాషలో స్వయముగా పదములు లేవు. ఆ పని ఆపరేటింగు సిస్టము చేయవలెను. అందుకు ‘సాకెట్టు’ అను ద్వారమును కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖవారు 1983లో తమ యూనిక్సులో వెలువరించిరి. ఆ సంవత్సరము జనవరి 1వ తేదీననే ఆర్పానెట్టు టి.సి.పి./ఐ.పి. నియమములకు మారెను. నాటి పిలుపులే నేటి లినక్సులోను పనిచేయుచున్నవి. కావున ఈ విద్యకై చేసిన శ్రమ వృథా కాదు.

రైల్వే ఉద్యోగుల కుటుంబములకు ఈ ఏర్పాటు సులభముగా బోధపడును. ఐ.పి. చిరునామా స్టేషను వంటిది. పోర్టు సంఖ్య కౌంటరు కిటికీ వంటిది. ఆఫీసు కంప్యూటరు మొదట ‘సాకెట్’ అని ద్వారమును కోరును; ‘బైండ్’ అని కిటికీ సంఖ్యను తగిలించును; ‘లిజన్’ అని కిటికీ తెరచును; ‘యాక్సెప్ట్’ అని వచ్చినవానిని లోనికి తీసికొనును. గేటు కంప్యూటరు ‘కనెక్ట్’ అని వెళ్లి తలుపు తట్టును. పిమ్మట ఒకరు ‘సెండ్’ అని పంపగా, వేరొకరు ‘రిసీవ్’ అని అందుకొందురు.

ఇచట క్రొత్తవాడు కాలుజారు చోట్లు రెండు కలవు.

మొదటిది అంకెల వరుస. మన ఇండ్లలోని ఇంటెల్ జాతి యంత్రములు సంఖ్యలోని చిన్న భాగమును ముందుంచును. నెట్‌వర్కు నియమము పెద్ద భాగమును ముందుంచవలెననును. 5000 అను పోర్టు సంఖ్యను మార్పక యిచ్చినచో అది 34835 అయి కూర్చుండును. తెరచిన కిటికీ ఒకటి, తట్టిన కిటికీ మరియొకటి! ‘హెచ్‌టాన్స్’ అను పిలుపు ఈ వరుసను సరిదిద్దును.

రెండవది ఇంతకంటె అపాయకరము. టి.సి.పి. అక్షరములను పోగొట్టక, వరుస తప్పింపక చేర్చుటకే పూనుకొన్నది గాని, ఒక సందేశము ఎచట ముగిసినదో చెప్పుటకు కాదు. అది కాలువ నీటివంటి ప్రవాహము. 24650 అని పంపగా ఒకమారు 246, మరియొకమారు 50 రావచ్చును. రెండు లారీల బరువులు, 24650, 18300, వెంటవెంట పంపగా 2465018300 అని కలిసి రావచ్చును. పరీక్షించునపుడు వేయిమార్లు సరిగా వచ్చి, పనిలో పెట్టిన పిమ్మట ఒకనాడు తప్పుట ఇందలి మోసము. ఇరువది నాలుగు టన్నుల ఇనుము లెక్కలో 246 కిలోలైనచో నష్టపడువారెవరు? నింద మోయువారెవరు? కాటా తప్పలేదు, గుమాస్తా తప్పలేదు, ప్రోగ్రాము తొందరపడినది.

దీనికి మందు కలదు. ప్రతి సందేశమునకు చివర ఒక ముగింపు గుర్తు నుంచవలెను, లేదా ముందుగా దాని పొడవు చెప్పవలెను. సందేశము పూర్తియగువరకు ‘రిసీవ్’ను మరల మరల పిలువవలెను. అది సున్న యిచ్చినచో అవతలివారు తమ పంపకము ముగించిరని అర్థము. మైనస్ ఒకటి యిచ్చినచో పొరపాటు జరిగినదని అర్థము. ‘సెండ్’ కూడ ఇచ్చినదంతయు ఒక్కమారే తీసికొనునని నమ్మరాదు. ప్రతి పిలుపు తెచ్చిన జవాబును చూడక ముందునకు సాగరాదు.

ఈ అభ్యాసమునకు గొప్ప సాధనములు అక్కరలేదు. లినక్సు గల ఒక్క కంప్యూటరు చాలును. 127.0.0.1 అను చిరునామా తనను తానే పిలుచుకొనునది గనుక, రెండు కిటికీలు తెరచి, ఒకదానిలో గేటును, వేరొకదానిలో ఆఫీసును నడుపవచ్చును. మొదట 246 పంపి, రెండు సెకన్లు ఆగి, 50ని ముగింపు గుర్తుతో పంపి చూడవలెను. ఆఫీసు ప్రోగ్రాము ఓపికతో వేచి 24650 అని ఒక్కమారే చూపినచో పాఠము వచ్చినట్లే.

తెలుగువారికి ఈ విద్య దూరపు చుట్టము కాదు. రైల్వేలవారి ‘కాన్సర్ట్’ రిజర్వేషను పద్ధతి 1994 సెప్టెంబరులో మొట్టమొదట సికింద్రాబాదులోనే అమలయ్యెను. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రములు ఒకదానితో నొకటి ముడిపడినవి. ఒక బెర్తు ఇద్దరికి పోకుండుటకు యంత్రములు ఒకదాని మాట నొకటి పూర్తిగా వినవలెను గదా!

సెలవు దినములలో మన పిల్లలు ఒక గంట ఈ అభ్యాసమునకు కేటాయింతురు గాక. పెద్దలు కూడ ప్రక్కన కూర్చుండి కాటా లెక్క సరిచూచినచో, నేర్చువారికి ఉత్సాహము, ఇంటికి వినోదము కలుగును.