బైపాస్ నాళాలు: పూడనిది ఒకటి, పూడేది ఒకటి



మన మధురానగర్, అమీర్‌పేట వైపు బైపాస్ ఆపరేషన్ అనే మాట వినని ఇల్లు ఉండదు. పక్కనే పంజాగుట్టలో నిమ్స్ ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేద కుటుంబాలకు కూడా ఈ ఆపరేషన్ అందుతున్నది. అయితే "ఆపరేషన్ అయిపోయింది, ఇక గుండెకు ఢోకా లేదు" అని కొద్ది నెలలకే మాత్రలు మానేసేవారు ఉన్నారు. ఈ నాలుగు మాటలు వారి కోసమే.

బైపాస్ అంటే ఏమిటి?

గుండె కండరానికి రక్తం అందించే ధమనుల గోడల్లో కొవ్వు పేరుకుంటే దారి ఇరుకవుతుంది. అప్పుడు శరీరంలో వేరే చోటి రక్తనాళాన్ని తీసి, అడ్డంకికి అవతల కలుపుతారు. మన దేశంలో మొదటి బైపాస్‌ను 1975లో అప్పటి మద్రాసులోని పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం.చెరియన్ చేశారు. ఒక్కటి గుర్తుంచుకోండి: పాత అడ్డంకిని తీసివేయరు. దానికి కారణమైన జబ్బు కూడా పోదు.

రొమ్ము ధమని ఎందుకు పూడదు?

రొమ్ము ఎముక వెనుక ఇరుపక్కలా ఒక్కొక్క ధమని ఉంటుంది. ఎడమ పక్కదానిని గుండె ముందు భాగానికి వెళ్ళే ముఖ్య ధమనికి కలుపుతారు. షుగరు, బీపీ, పొగతాగే అలవాటు ఉండి గుండె ధమనులన్నీ పూడినవారిలో కూడా ఈ ధమని సాధారణంగా శుభ్రంగానే ఉంటుంది. దీని లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. అందువల్ల నాళం వదులుగా ఉంటుంది, రక్తం గడ్డకట్టదు. ఆ పొర కింద సాగే పొర గట్టి అల్లికలా ఉండి, కొవ్వును, కండర కణాలను లోపలికి సులభంగా రానివ్వదు. పదేళ్ళ తర్వాత కూడా నూటికి సుమారు 90 మందిలో ఇది తెరుచుకునే ఉంటుంది. దీనిని వాడినవారు ఎక్కువ కాలం బ్రతుకుతున్నారని 1986లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు చూపించారు.

మరి కాలి సిర?

చాలామందికి రొమ్ము ధమని ఒకటి, మిగిలినవి కాలి నుండి తీసిన సిరలు వేస్తారు. సిర తక్కువ ఒత్తిడికి అలవాటుపడిన నాళం. గుండె దగ్గర ఒక్కసారిగా ధమని ఒత్తిడి తగిలేసరికి దాని గోడ మందమై, కొన్నేళ్ళకు కొవ్వు పట్టుతుంది. పదేళ్ళలో దాదాపు సగం సిరలు పూడిపోవచ్చు. రొమ్ము ధమని బాగున్నా, అది కలిసిన చోటికి అవతల మీ సొంత ధమనిలో జబ్బు పెరగవచ్చు.

మీ డిశ్చార్జి కాగితం తీసి చూడండి. 'లీమా' అంటే ఎడమ రొమ్ము ధమని, 'ఎస్.వి.జి.' అంటే కాలి సిర. మీకు ఏవి ఎన్ని వేశారో డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి.

మీరు చేయవలసినవి

• ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్రలు డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు కూడా మానకండి. పళ్ళు తీయించుకునే ముందు కూడా అడగండి.
• సిగరెట్, బీడీ, గుట్కా పూర్తిగా మానండి.
• షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ పరీక్షలు క్రమంగా చేయించుకోండి.
• డాక్టరు అనుమతితో రోజూ అరగంట నడవండి. కృష్ణకాంత్ పార్కు మనకు దగ్గరే.
• మిర్చి బజ్జీలు, పచ్చళ్ళు, అప్పడాలు తగ్గించండి. ఇంట్లో అందరూ అదే వంట తింటే రోగికి తోడుగా ఉంటుంది.
• షుగరు ఉన్నవారికి గుండెపోటులో నొప్పి తెలియకపోవచ్చు. ఆయాసం, చెమటలు, విపరీతమైన నీరసం వస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

దేవుడు మన రొమ్ములోనే ఇంత గట్టి నాళాన్ని ఉంచాడు. సర్జన్ దానిని గుండెకు కలిపారు. దానిని, దాని పక్కన ఉన్న బలహీనమైన సిరలను కాపాడుకోవలసిన పని ఇక మీది, మీ ఇంటివారిది. ప్రభువు మీకు ఆయురారోగ్యాలు దయచేయును గాక. ఆమెన్.